నాలుగు బై మూడు

నాలుగో తారీకు అంటే నాలుగో తారీకే. మూడో నెల. మార్చి. ముందు తారీకు రాస్తాం, తర్వాత నెల రాస్తాం. మా ఊరి బడిలో మూడేళ్ళు కూర్చుంటే నాకే తెలిసింది. అమెరికా వాళ్ళకు ఎందుకు తెలియదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాళ్ళు నెల ముందు రాస్తారు, తారీకు వెనక రాస్తారు. పైకప్పు వేసి పునాది తవ్వినట్టు.

ఈ ఒక్క ముక్క మీద మా క్యాంపులో ఐదేళ్ళు గొడవ నడిచింది. ఆ గొడవలో నా డ్యూటీ పోబోయింది. దాన్ని జలంధర్ ఒక రకంగా చెబుతాడు, ముత్యం ఇంకో రకంగా చెబుతాడు, ఇద్దరూ తప్పే చెబుతారు. అందుకని రాస్తున్నాను. లేకపోతే నాకు రాసే పని లేదు.

చమురు ధర పెరిగిన రోజులు. కతర్‌లో ఎక్కడ చూసినా తవ్వుతున్నారు, లేకపోతే పూడుస్తున్నారు. మా క్యాంపు దుఖాన్ రోడ్డు పక్కన, ఎడారిలో. పైపులైను పని. రెండు వందల మందిమి, సగానికి పైగా కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళం. ఫోర్‌మన్ డాకిన్స్ సాబ్ అమెరికా ఆయన. మనిషి మంచివాడే, బేస్‌బాల్ పిచ్చి ఒకటి. ఆటకు తొమ్మిది మంది కావాలి. అమెరికా వాళ్ళు క్యాంపులో నలుగురే. మిగిలిన ఐదుగురిని మాలోంచి పట్టాడు.

మూడు మూలల మూడు ఇసుక బస్తాలు పెట్టించాడు. బంతిని కట్టెతో కొట్టి, ఆ బస్తాలు మూడూ తాకి, మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరాలి. ఆ చోటును ఆయన హోమ్ అన్నాడు. "హోమ్ జావ్, హోమ్ జావ్" అని ఆయన అరుస్తుంటే మావాళ్ళు సగం మంది లీవు ఇస్తున్నాడనుకున్నారు. ఒకడు పెట్టె సర్దుకున్నాడు కూడా.

నేను ఆడలేదు. నా పని గీతలు గీయడం. ఎవరు ఇల్లు చేరితే వాళ్ళ పేరు ఎదురుగా ఒక గీత. తారీకు, పేర్లు, గీతలు. నా నోటుబుక్కులో అంతకు మించి ఉండదు. మరుసటి ఏడాది పైపు జారి నా కుడి మోకాలి మీద పడింది. కందకంలోకి దిగలేను, దిగితే ఎక్కలేను. అట్లాంటివాణ్ణి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు. డాకిన్స్ సాబ్ పంపలేదు. గ్రౌండు డ్యూటీ ఇచ్చాడు. రాళ్ళు ఏరడం, దుమ్ము లేవకుండా ఇసుక మీద పాత ఇంజను ఆయిలు చల్లి తొక్కించడం, సున్నంతో గీతలు వేయడం. గ్రౌండు ఉన్నన్నాళ్ళు నేను ఉంటాను. గ్రౌండు పోతే నేనూ పోతాను. అంతే.

ఎనభై ఒకటి జనవరిలో డాకిన్స్ సాబ్ తన ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలోకి వార్నర్ సాబ్ వచ్చాడు. ఈయనా అమెరికా ఆయనే. ఇంజనీరు. చంకలో ఎప్పుడూ చుట్టిన మ్యాపు. మార్చి పదో తారీకున ఆర్డరు వచ్చింది. గ్రౌండులో పైపులు దించుతారు, ఇరవయ్యో తారీకు నుంచి ట్రైలర్లు వస్తాయి, ఆలోపల బస్తాలు తీసేయాలి.

ఆర్డరు చదివి చెప్పింది ఆఫీసులో టైపు కొట్టే కృష్ణప్రసాద్ గారు. కాకినాడ ఆయన, బి.ఏ. చదివాడు. ఎవరికన్నా కష్టం వస్తే ఆయనకు ఉత్సాహం వస్తుంది.

"అలా రాయిలా నిలబడతావేంటయ్యా గంగన్నా? ఏదో ఒకటి చెయ్యాలి కదా!"

"ఏం చేస్త సారూ."

"మన టీముకి ఓ చరిత్ర ఉందని వార్నర్ గారికి తెలియాలి. పేపర్లో వస్తుంది చూడు, చరిత్రలో ఈ రోజు అని? అలాగన్నమాట. మన మ్యాచ్ ఏటా ఒకటే రోజున కదా, మార్చి నాలుగు. ఏ ఏడు ఆ రోజున ఏం జరిగిందో ఓ కాగితం మీద టైపు చేసి ఇద్దాం. అమెరికా వాళ్ళకి ఇలాంటివంటే ప్రాణం. నీ నోటుబుక్కు పట్రా."

"అండ్ల గీతలే ఉన్నయి."

"గీతల్ని నేను ఘనంగా చేస్తానయ్యా!"

శుక్రవారం పొద్దున మెస్సులో కూర్చున్నాం. కృష్ణప్రసాద్ గారు పెన్ను తీశాడు. పిలవకుండానే జలంధర్ వచ్చాడు, ముత్యం వచ్చాడు. ఇద్దరూ టీములో వాళ్ళే, ఇద్దరూ నా రూములో వాళ్ళే. వాళ్ళు వచ్చాక పని జరగదని నాకు తెలుసు.

"మొదటి ఏడు. డెబ్భై ఆరు, మార్చి నాలుగు. ఏం జరిగింది?"

"మనోళ్ళు ఎవ్వలూ పోలే," అన్నాను.

"అంటే?"

"నేను చెప్త సారూ," అని ముత్యం బెంచీ మీదికి జరిగాడు. "గంగన్న కాకకు మాటలు పైసలు పెట్టి కొన్నట్టు ఉంటయి. డాకిన్స్ సాబు గోడకు కాయితం అతికిచ్చిండు. దుఖాన్ క్యాంపోళ్ళతోని ఆట అని. తారీకు మూడు బై నాలుగు. మేమేం అనుకుంటం? ఏప్రిల్ మూడు. ఆయన ఏం అనుకున్నడు? మార్చి నాలుగు. దుఖానోళ్ళు మార్చి నాలుగున లారీల దిగిండ్రు. మేం అయిదుగురం అటు నలభై కిలోమీటర్ల అవతల కందకంల ఉన్నం. వాళ్ళు అద్దగంట నిలబడి, గెలిచినం అని రాసుకొని పోయిండ్రు."

"మరి ఆ సాయంత్రమైనా మీకు తెలియలేదా?"

"డాకిన్స్ సాబు వచ్చి ఒర్రిండు సారూ. దేనికి ఒర్రుతుండో మాకేం తెలుసు? సాబులు ఒర్రుతనే ఉంటరు గద."

"ఏప్రిల్ మూడున మేం పోయినం," అన్నాడు జలంధర్. "తానం చేసి, టెంకాయ కొట్టి, బస్తాలకు బొట్టు పెట్టి నిలబడ్డం. ఎవ్వలూ రాలే. దుఖానోళ్ళు బయపడ్డరు అనుకున్నం. అద్దదినం ఛుట్టీ తీసుకున్నం గదా, ఉత్తగ పోనిస్తమా? చిర్రగోనె ఆడినం."

అది నిజమే. ఆ ఏడాది నుంచి మార్చి నాలుగున దుఖాన్ వాళ్ళతో బేస్‌బాల్, ఏప్రిల్ మూడున మాలో మేము చిర్రగోనె. కృష్ణప్రసాద్ గారి వైపు దాన్నే బిళ్ళంగోడు అంటారు. రెండు రోజులకూ సున్నం నేనే వేస్తాను. చిర్రగోనెకు సున్నం గీతలు ఎందుకని అడిగితే జలంధర్ వినడు. సాబులకు వేసి మాకు వేయవా అంటాడు.

కృష్ణప్రసాద్ గారు కాసేపు పెన్ను కొరికి, తాను రాసింది చదివాడు. "డెబ్భై ఆరు: ప్రత్యర్థుల రాకతో మా గ్రౌండు చరిత్ర మొదలైంది."

"మేం రాలేదని రాయలే," అన్నాను.

"రానివాళ్ళ గురించి చరిత్రలో రాయరయ్యా. తర్వాత?"

డెబ్భై ఏడు. ముత్యం జలంధర్ మొహం చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వకురా బాడ్కావ్."

"ఏం చేశావు జలంధర్?"

"కొట్టిన సారూ. మస్తు దూరం కొట్టిన. ఆ తెల్లోళ్ళు గుడ్లు తేలేసిండ్రు."

"కొట్టి?"

"కొట్టి... కొలిచిన."

చిర్రగోనెలో కొట్టాక ఉరకడం ఉండదు. చిర్ర అనే చిన్న పుల్ల ఎంత దూరం పోయిందో, కొట్టిన కట్టెతోనే, అంటే గోనెతోనే కొలుస్తారు. వీడు బంతిని కొట్టాడు, అందరూ "హోమ్ జావ్" అని అరుస్తున్నారు, వీడు కట్టె నేల మీద పెట్టి ఒకటి, రెండు, మూడు అని కొలుచుకుంటూ పోయాడు. దుఖాన్ వాడు బంతి తెచ్చి వంగి ఉన్న వీడి వీపుకు తాకించాడు. అప్పటికి నలభై రెండు అయింది. ఔట్.

"కొలవకపోతే ఎంత దూరం పోయిందో ఎట్ల తెలుస్తది? నువ్వు చెప్పు సారూ!"

నాలుగేళ్ళుగా ఇదే ప్రశ్న. క్యాంపులో ఎవరు కొత్తగా వస్తే వాళ్ళను అడుగుతాడు.

కృష్ణప్రసాద్ గారు రాసుకుని చదివాడు. "డెబ్భై ఏడు: జలంధర్ కొట్టిన మహత్తరమైన దెబ్బ. దూరాన్ని ఆటగాడే స్వయంగా కొలిచెను."

"ఔట్ అని రాయుండ్రి," అన్నాను.

"కొలిచెను అంటే చాల్లే!"

డెబ్భై ఎనిమిది. ఒంటె వచ్చి రెండో బస్తా మీద కూర్చుంది. దాని యజమాని తీరిగ్గా గంటన్నర తర్వాత వచ్చాడు. అప్పటికి పొద్దు గుంకింది. దాన్ని "ఎడారి అతిథి రాక" అని రాశాడాయన. డెబ్భై తొమ్మిది. ముత్యం బంతిని తోలు తొడుగుతో కాకుండా భుజం మీది తువ్వాలతో పట్టాడు. అట్లా పట్టడం చెల్లదన్నారు. ఆ ఒక్కదానితో ఓడాం.

"తువ్వాల నాది, చెయ్యి నాది, బంతి దొరికింది. ఇంకేం కావాలె? సూపులేని అంపైరు!" అని ముత్యం మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఇదొక పావుగంట.

"సరే, ఎనభై?"

"పందొమ్మిది, రెండు," అన్నాను.

"ఎవరు పందొమ్మిది?"

"వాళ్ళు."

"ఇంకేం జరిగింది?"

"ఏం జరగలే."

"ఏం జరగలేదని ఎలా రాస్తానయ్యా? ఓ గాలిదుమారం, ఓ వాన, ఏదో ఒకటి?"

"ఏం జరగలే సారూ. ఓడినం. అన్నం తిన్నం. పండుకున్నం."

ఆయన తల పట్టుకున్నాడు. నాకూ పట్టుకోవాలనిపించింది. ఇక ఈ ఏడు, ఎనభై ఒకటి. మార్చి నాలుగున ఆటే లేదు. దుఖాన్ క్యాంపు వాళ్ళను ఉమ్ సయీద్‌కు మార్చేశారు. గ్రౌండు మధ్య నేనొక్కణ్ణే సున్నం డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కాగితం ఇంగ్లీషులో టైపు అయింది. పైన పెద్ద అక్షరాలతో టీము రోజు అని, పక్కన తారీకు. తారీకు మాత్రం నా నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. 4/3.

మరునాడు వార్నర్ సాబ్ గదికి ఇద్దరం వెళ్ళాం. ఆయన కాగితం చదివాడు. ఒకచోట నవ్వాడు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, ఒక కాగితం ఎత్తి, ఒక తారీకు చుట్టూ సున్న చుట్టాడు. ఏదో చెప్పాడు. కృష్ణప్రసాద్ గారు "ఎస్ సర్, ఎస్ సర్" అన్నాడు. బయటికి వచ్చేసరికి ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది.

"కొంప మునిగిందయ్యా గంగన్నా."

"ఏమైంది?"

"నాలుగు బై మూడుని ఏప్రిల్ మూడు అనుకున్నాడు. మీ టీము రోజు ఇంకా రాలేదుగా అంటాడు! ట్రైలర్లని అప్పటిదాకా ఆపమన్నాడు. ఆ రోజు భార్యతో వచ్చి ఆట చూస్తాడట. ఆ మర్నాడు పైపులు దించుతారట."

"చెప్పలేదా మరి?"

"ఏమని చెప్పను? మీరు తారీకు తప్పు చదివారని దొరతో చెప్పనా? ఆ రోజు పోయిందని చెబితే ఇరవయ్యో తారీకునే పైపులు దించుతాడు. పైగా ఇప్పుడు ఆడటానికి ఎదుటి టీమేదయ్యా? ఏప్రిల్ మూడున ఎవరున్నారు మనకి?"

ఏప్రిల్ మూడున ఎవరున్నారో చెప్పాను. ఆయన అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు.

ఏప్రిల్ మూడు ఆ ఏడు శుక్రవారం పడింది. క్యాంపంతా సెలవే. అయినా చిక్కు తీరలేదు. వార్నర్ సాబ్ చూడాల్సింది బేస్‌బాల్. మావాళ్ళు ఆడేది చిర్రగోనె. కృష్ణప్రసాద్ గారు రూముకు వచ్చి బతిమాలాడు. మీలో మీరే రెండు టీములుగా అయి బేస్‌బాల్ ఆడండన్నాడు. జలంధర్ వినలేదు.

"మార్చి నాలుగు సాబులది. ఏప్రిల్ మూడు మనది. మన దినం నాడు మన ఆట."

"గంగన్న డ్యూటీ పోతుందయ్యా జలంధర్!"

"గదేంది సారూ, చిర్రగోనె ఆడితే గ్రౌండు గ్రౌండు కాకుంట పోతదా? సాబుకు చూడ చేతనైతే చూస్తడు, లేకపోతే పోతడు."

అరగంట ఇదే. ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. నాకు విసుగు పుట్టింది.

"ఇయ్యేడు బేసుబాలే ఆడుండ్రి," అన్నాను. "నాకోసం."

ముత్యం నా వైపు చూశాడు.

"కాక నోరు తెరిచి అడిగిండు. ఇగ ఆడాలె తియ్యి."

"ఆడుత గని," అన్నాడు జలంధర్, "చిర్రగోనె మల్ల శుక్రారం పెట్టాలె. సున్నం వెయ్యాలె."

"వేస్త."

"ఇంకో సంగతి," అన్నాడు కృష్ణప్రసాద్ గారు లేస్తూ. "కొడితే పరిగెత్తు జలంధర్. కొలవకు. నీకు దణ్ణం పెడతాను, కొలవకు."

ఏప్రిల్ మూడున మధ్యాహ్నం మూడింటికి వార్నర్ సాబ్ వచ్చాడు. భార్య చేతిలో పెద్ద గొడుగు. ఆయన చంకలో మ్యాపు, చేతిలో మా కాగితం. ఆ కాగితాన్ని ఆయన మడతపెట్టి దాచుకున్నాడంటే నేను నమ్మలేదు. జలంధర్ వైపు తొమ్మిది మంది, ముత్యం వైపు తొమ్మిది మంది. ఎండలో నేను, నోటుబుక్కు.

మొదటి గంట చెప్పుకోవడానికి ఏమీ లేదు. బంతి ఎక్కడికి వేస్తారో వేసేవాడికే తెలియదు. ఒకడు మొదటి బస్తా మీద అలిసిపోయి కూర్చున్నాడు. వార్నర్ సాబ్ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. కృష్ణప్రసాద్ గారు నా పక్కన నిలబడి చేతి రుమాలు పిండుతున్నాడు.

జలంధర్ వంతు వచ్చింది. మొదటిది పోయింది. రెండోది పోయింది. మూడోది తగిలింది. తగలడం అంటే మామూలుగా కాదు. బంతి ఆకాశంలో చిన్న చుక్కయి, గ్రౌండుకు అడ్డంగా పోయి, అంచున ఆ మధ్యే తవ్విన కొత్త కందకంలో పడింది. దానికోసం ముత్యం కందకంలోకి దూకాడు.

"ఉరుకురా! ఉరుకు! కొలువకు!"

జలంధర్ కట్టె పారేసి ఉరికాడు. మొదటి బస్తా తాకాడు. అప్పుడు వెనకనుంచి వార్నర్ సాబ్ లేచాడు. చేతిలో కాగితం ఊపుతున్నాడు.

"మెజర్! మెజర్!"

జలంధర్ ఆగిపోయాడు. ఆయన వైపు చూశాడు, కృష్ణప్రసాద్ గారి వైపు చూశాడు.

"సారూ, ఏమంటుండు?"

కృష్ణప్రసాద్ గారు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "కొలవమంటున్నారు," అన్నాడు చివరికి.

"నిజంగనా?"

నాలుగేళ్ళుగా వాణ్ణి కొలిచినందుకు తిట్టనివాడు లేడు. ఇప్పుడు సాబే కొలవమంటున్నాడు. వాడు నా వైపు తిరిగాడు. "కాకా, ఏం చెయ్యాలె?"

నేనేం చెప్పను? ఉరకమంటే సాబుకు కోపం. కొలవమంటే ఔటవుతాడు. ఎటు చెప్పినా నా మోకాలి మీదే పడుతుంది. నేను తల దించుకుని నోటుబుక్కు చూశాను.

వాడు వెనక్కి వచ్చాడు. కట్టె తీశాడు. హోమ్ దగ్గర వంగి, పద్ధతిగా, కట్టె చివర వేలు పెట్టి గుర్తు చేసుకుంటూ కొలవడం మొదలుపెట్టాడు. వార్నర్ సాబ్ గొడుగు కిందినుంచి వచ్చి వాడి పక్కనే నడిచాడు. ఆయన వన్, టూ అంటున్నాడు. రెండు టీములూ ఆట వదిలేసి తెలుగులో గట్టిగా లెక్క పెడుతున్నాయి. ఇరవై. నలభై. నలభై రెండు దాటినప్పుడు జలంధర్ నడుము నిలబెట్టి ముత్యం కోసం చుట్టూ చూశాడు. ముత్యం ఇంకా కందకంలోంచి ఎక్కలేక జారుతున్నాడు. అరవై ఒకటికి కందకం అంచు వచ్చింది. అప్పుడే ముత్యం తల పైకి లేచింది. చెయ్యి చాచి, బంతిని జలంధర్ కాలికి తాకించాడు.

వార్నర్ సాబ్ అది చూడలేదు. ఆయన కందకం చూస్తున్నాడు. జలంధర్ చేతిలో కట్టె తీసుకుని దాని పొడవు చూశాడు. మ్యాపు నేల మీద పరిచాడు, గాలికి ఎగరకుండా నాలుగు మూలల నాలుగు రాళ్ళు పెట్టుకున్నాడు. ఆ రాళ్ళు నేను ఏరి పోగుపెట్టినవి. మళ్ళీ కట్టె పట్టుకుని, అంత పెద్ద మనిషి, వంగి, కందకం నుంచి హోమ్ దాకా తానే కొలుచుకుంటూ వచ్చాడు. భార్య గొడుగు కింద నవ్వుతోంది. ఆయన నవ్వలేదు. అరవై ఒకటే వచ్చింది.

కృష్ణప్రసాద్ గారిని పిలిచి చాలాసేపు మాట్లాడాడు. మ్యాపు మీద గుద్దాడు. రోడ్డు అవతలికి చెయ్యి చూపించాడు.

కృష్ణప్రసాద్ గారు నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "గ్రౌండు ఉంది గంగన్నా! ఆ మ్యాపు కందకం తవ్వకముందుదట. మ్యాపులో గ్రౌండు దీనికి రెండింతలు ఉంది. ట్రైలర్ లోపలికి వస్తుంది కానీ తిరగదట. పైపులు రోడ్డు అవతల దించమన్నాడు! చూశావా? చరిత్ర! నా కాగితం!"

"నేను కొలిచిన గద!" అని జలంధర్ వచ్చాడు. రొమ్ము విరుచుకుని ఉన్నాడు. "కొలవకపోతే తెలుస్తుండెనా? చెప్పు కాకా, తెలుస్తుండెనా? నాలుగేండ్ల సంది మొత్తుకుంటున్న!"

"నేను కందకంల లేటు చెయ్యకపోతే నువ్వు అరవై ఒకటి దాకా పోతుంటివా?" అన్నాడు ముత్యం. ఒళ్ళంతా మట్టి.

నాకు ఒక్కసారిగా మోకాలు నొప్పి తెలిసింది. పొద్దుటినుంచి నిలబడే ఉన్నాను. సున్నం డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"గీత గియ్యి గంగన్నా," అన్నాడు కృష్ణప్రసాద్ గారు. "అది హోమ్ రన్ అంటున్నారు సాబ్. జలంధర్ పేరు ఎదురుగా గీత గియ్యి."

"ముత్యం తాకిండు. ఔట్."

"నీ డ్యూటీ నిలబెట్టిన దెబ్బయ్యా అది!"

"అయినా ఔటే."

"సాబే అంటుంటే!"

"సాబు చూడలే. నేను చూసిన."

జలంధర్ నా నోటుబుక్కులోకి వంగి చూశాడు. వాడికి కోపం వస్తుందనుకున్నాను. వాడు తల ఊపాడు. "ఔట్ అయితే అయింది తియ్యి కాకా. అరవై ఒకటి అని రాయి. పెద్దగ రాయి." రాశాను. 3/4. జలంధర్. 61. ఔట్.

నెల తిరక్కముందే గ్రౌండు గేటుకు వార్నర్ సాబ్ ఒక రేకు బోర్డు చేయించాడు. కృష్ణప్రసాద్ గారు దగ్గరుండి రాయించాడు. టీము రోజు, 4/3. అప్పటినుంచి క్యాంపుకు కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఆ బోర్డు ముందు నిలబడి నన్నే అడుగుతాడు. ఇది మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? మనవాళ్ళు ఒకటంటారు, అమెరికా వాళ్ళు ఒకటంటారు, వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటారు. నేను చెప్పడం మానేశాను. ఎవడు ఎట్లా చదువుకుంటే వాడికి అదే రోజు.

సున్నం మాత్రం రెండుసార్లూ నేనే వేయాలి. తర్వాతి శుక్రవారం చిర్రగోనెకు కలిపితే మూడు.